టెర్బుష్ వేసిన కార్ల్ తెయోడోర్ బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాన్‌హైమ్ మ్యూజియం చూసొచ్చిన మనవాళ్లు, జర్మనీలో చదువుకుంటున్న పిల్లలు, ఫోన్‌లో ఈ బొమ్మ కనబడితే కాసేపు ఆగి చూసినవాళ్లు నన్ను అడిగేవి ఎప్పుడూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదవండి.

## ముందుగా, ఎవరు ఎవరు?

అసలు ఈ బొమ్మ ఎవరిది? ఎవరు వేశారు?

1763లో అన్నా డొరోతెయా టెర్బుష్ అనే బెర్లిన్ చిత్రకారిణి వేసిన పోర్ట్రెయిట్ ఇది. బొమ్మలో ఉన్నది జర్మన్ ప్రాంతమైన పాలటినేట్‌ను ఏలిన ఎలెక్టర్ కార్ల్ తెయోడోర్. ఆయన రాజధాని రైన్ నది ఒడ్డున ఉన్న మాన్‌హైమ్. ఈ చిత్రం ఇప్పుడు కూడా ఆ ఊళ్లోనే, రైస్-ఎంగెల్‌హోర్న్ మ్యూజియంల సేకరణలో ఉంది. వేసేనాటికి ఆవిడకు నలభై దాటాయి, ఆయనకు నలభై రావడానికి ఇంకా ఏడాది పైన ఉంది. ఆవిడ పెద్ద దర్బారుల్లో పనిచేయడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లే.

'ఎలెక్టర్' అంటే రాజా? మన సంస్థానాధీశుల లాంటివాడా?

పోలిక కొంతవరకు కుదురుతుంది. సొంత సైన్యం, సొంత నాణేలు, సొంత దర్బారు అన్నీ ఉంటాయి, పైన మాత్రం ఒక చక్రవర్తి ఉంటాడు. తేడా ఎక్కడంటే, ఆ చక్రవర్తిని ఎన్నుకునే ఓటు ఈయన చేతిలో ఉంటుంది. ఎలెక్టర్ అన్న మాట అందుకే వచ్చింది. జర్మన్ ప్రాంతాల్లో చిన్నా పెద్దా ప్రభువులు వందల్లో ఉండేవారు, 1763లో ఆ ఓటు ఉన్నది తొమ్మిది మందికే. ఆ తొమ్మిది మందిలో ఒకరి ముఖం వేసే పని దొరికిందంటే ఏ చిత్రకారుడికైనా అది మామూలు అవకాశం కాదు.

కార్ల్ తెయోడోర్ మంచి రాజేనా?

మాన్‌హైమ్ వాళ్లు ఒకటి చెబుతారు, తర్వాత బవేరియా కూడా చేతికొచ్చి ఆయన మారిపోయిన మ్యూనిక్ వాళ్లు ఇంకొకటి. మాన్‌హైమ్‌లో ఆయన కాలం వైభవంగా గడిచింది. వేణువు, చెల్లో స్వయంగా వాయించేవాడు, ఆయన ఆర్కెస్ట్రా యూరప్ అంతటా పేరున్నది. 1777లో సంగీతకర్త మోజార్ట్ ఉద్యోగం కోసం వచ్చి నెలల తరబడి అక్కడ ఎదురుచూసి, ఉద్యోగం దొరక్కుండానే వెళ్లిపోయాడు. 1763లోనే ఈయన మాన్‌హైమ్‌లో శాస్త్రాల అకాడమీ పెట్టాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1780లో మొదలుపెట్టించిన వాతావరణ సంఘం. వేర్వేరు దేశాల్లో ఉన్న పరిశీలకులకు ఒకే రకం పరికరాలు పంపి, ఉదయం 7, మధ్యాహ్నం 2, రాత్రి 9 గంటలకు కొలతలు తీయించారు. ఆ వేళలను 'మాన్‌హైమ్ గంటలు' అని తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. మ్యూనిక్‌కు మారాక మాత్రం ఆ ఊరి జనం ఆయన్ను తమవాడిగా చూడలేదు.

ఆస్థాన చిత్రకారిణి అంటే ప్యాలెస్‌లోనే ఉంటూ నెలనెలా జీతం తీసుకునేదా?

అలా ఉన్నవాళ్లూ ఉన్నారు. టెర్బుష్ విషయంలో మాత్రం అది ముఖ్యంగా ఒక బిరుదు, ఒక అనుమతి. అప్పట్లో ఊళ్లలో బొమ్మలు వేసి అమ్ముకోవాలంటే వృత్తి సంఘాల కట్టుబాట్లు అడ్డొచ్చేవి, ఆ సంఘాలు ఆడవాళ్లకు దాదాపు మూసి ఉన్నవే. రాజు 'ఈవిడ మా దర్బారు మనిషి' అని రాసిస్తే ఆ కట్టుబాట్లు వర్తించవు. బిరుదు చేతిలో ఉంటే పక్క ఊరి ప్రభువు గుమ్మం కూడా తెరుచుకుంటుంది. కార్ల్ తెయోడోర్ దర్బారు చిత్రకారిణి అన్న హోదా వచ్చాక ఆవిడ మాన్‌హైమ్‌లో స్థిరపడలేదు. కొద్దికాలానికే బెర్లిన్ తిరిగొచ్చి, అక్కడి నుంచి పారిస్‌కు ప్రయాణమైంది. బిరుదు మాత్రం వెంట వచ్చింది.

## ఆవిడ బతుకు గురించి

పెళ్లయ్యాక బొమ్మలు వేయడం మానేసిందట, నిజమేనా?

నిజమే. నన్ను అందరికంటే ఎక్కువగా ఈ ప్రశ్న అడిగేది ఆడవాళ్లే. ఎందుకు అడుగుతారో నాకు తెలుసు, మన ఇళ్లలో పెట్టెల్లో పడి ఉన్న వీణలూ, గజ్జెలూ చూస్తూ పెరిగాం కదా. టెర్బుష్ 1742లో బెర్లిన్‌లో సత్రం నడిపే ఎర్న్‌స్ట్ ఫ్రీడ్రిష్ టెర్బుష్‌ను పెళ్లి చేసుకుంది. అప్పటికే చేయి తిరిగిన మనిషి, ఉయ్యాలలు, తోటలు, షికార్లు ఉన్న ఫ్రెంచి పద్ధతి బొమ్మలు బాగా వేసేది. పెళ్లి తర్వాత పిల్లలు, సత్రం, వచ్చేపోయే జనం. దాదాపు 1760 వరకు ఆవిడ చిత్రకారిణిగా బయట కనబడదు. అంటే ఇరవై నుంచి నలభై వరకు, మగ చిత్రకారుడు పేరు తెచ్చుకునే వయసంతా, ఆవిడ సత్రం చూసుకుంది.

1761లో స్టుట్‌గార్ట్ వెళ్లి, వ్యూర్టెంబెర్గ్ డ్యూక్ కార్ల్ ఆయ్‌గెన్ ప్యాలెస్‌లో అద్దాల హాలుకు తలుపుల పైన పెట్టే బొమ్మలు 18 కొద్దికాలంలోనే వేసి ఇచ్చింది. ఇరవై ఏళ్లు మానేసిన చేతికి ఆ వేగం రాదు. ఇంట్లో ఎక్కడో ఒక మూల సాధన సాగుతూనే ఉండి ఉంటుందని నా నమ్మకం.

ఆడవాళ్లకు అప్పట్లో ఎవరు నేర్పేవారు? కాలేజీలు ఉండేవా?

ఉండేవి, ఆడపిల్లల్ని రానిచ్చేవి కావు. ముఖ్యంగా మనిషి శరీరాన్ని చూసి గీసే క్లాసులోకి అస్సలు రానిచ్చేవారు కాదు. అది లేకపోతే పురాణ, చారిత్రక చిత్రాలు వేయడం కష్టం, ఆ రోజుల్లో గొప్పవి అనిపించుకున్నది ఆ చిత్రాలే. కాబట్టి దారి ఒకటే, ఇంట్లో ఎవరైనా చిత్రకారుడు ఉండాలి. టెర్బుష్ తండ్రి గేయోర్గ్ లిజియెవ్‌స్కీ పోలండ్ నుంచి వచ్చి బెర్లిన్‌లో పోర్ట్రెయిట్లు వేసుకునేవాడు. కొడుకుతో పాటు కూతుళ్లకూ కుంచె పట్టించాడు. బెర్లిన్ ఆస్థాన చిత్రకారుడు, ఫ్రెంచివాడైన ఆంట్వాన్ పెన్ ప్రభావం కూడా ఆవిడ రంగుల్లో బాగా కనిపిస్తుంది.

వాళ్లక్క కూడా పెయింటరేనా?

అవును. అక్క అన్నా రోజీనా ఈవిడకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆవిడ కూడా దర్బారుల్లో పనిచేసి, చివరికి బ్రౌన్‌ష్వైక్‌లో ఆస్థాన చిత్రకారిణి అయింది. తమ్ముడు క్రిస్టోఫ్ ఫ్రీడ్రిష్ రైన్‌హోల్డ్‌దీ అదే వృత్తి. అక్క మొదటి భర్త చిత్రకారుడే, కాబట్టి పెళ్లి తర్వాత కూడా ఆవిడ ఇంట్లో రంగుల వాసన పోలేదు. చెల్లెలు సత్రానికి కోడలైంది. ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్న ఇద్దరి దారులు ఇలా మారడానికి వేరే కారణం నాకు కనబడదు.

ఒక్కో పుస్తకంలో ఒక్కో పేరు ఉందేంటి?

పుట్టింటి పేరు లిజియెవ్‌స్కా, అత్తింటి పేరు టెర్బుష్. కొన్ని కేటలాగుల్లో రెండూ కలిపి ఉంటాయి, ఇంకొన్నిటిలో లిజియెవ్‌స్కా అనే వేస్తారు. తమ్ముడి ఇంటిపేరూ అదే కావడంతో, వాళ్లిద్దరూ కొంతకాలం కలిసి పనిచేయడంతో గందరగోళం ఇంకా పెరిగింది. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. పారిస్‌లోని చిత్రకారుల రాజ అకాడమీలో చేరాక కొన్ని బొమ్మల మీద పేరు పక్కన 'ఫ్రాన్స్ రాజు చిత్రకారిణి' అని కూడా సంతకం చేసింది. కష్టపడి తెచ్చుకున్న హోదా, చెప్పుకోవాలనిపించడం సహజం.

ఫ్రెంచి తత్వవేత్త డిదరో ఈవిడ ముందు బట్టలు విప్పి కూర్చున్నాడన్న కథ నిజమా, పుకారా?

నిజమే, స్వయంగా ఆయనే 1767 సలోన్ గురించి, అంటే పారిస్‌లో రాజ అకాడమీ పెట్టే చిత్రప్రదర్శన గురించి, రాసిన వ్యాసంలో చెప్పుకున్నాడు. ఆవిడ తన పోర్ట్రెయిట్ వేస్తుండగా, మెడ భాగం సరిగ్గా కనిపించాలంటే బట్టలు అడ్డమని తోచి తెర వెనక్కి వెళ్లి విప్పి వచ్చాడు. ఆవిడ తొణకకుండా పని చేసుకుపోయింది. ఈ కథ నవ్వుకోవడానికి చెప్పుకుంటారు గానీ, నాకు మాత్రం ఆవిడ ధైర్యం కనిపిస్తుంది. మగ శరీరాన్ని చూసి గీసే క్లాసులోకి ఏ అకాడమీ రానివ్వని మనిషి, ఆ అవకాశం ఎదురుగా వచ్చి కూర్చుంటే సిగ్గుపడి వదులుకోలేదు. అసలు బొమ్మ ఇప్పుడు లేదు, దాన్ని చూసి చెక్కిన ప్రింటు మిగిలింది.

పారిస్‌లో అంత పేరొచ్చాక ఎందుకు తిరిగొచ్చేసింది?

పేరొచ్చింది, డబ్బు రాలేదు. 1767లో రాజ అకాడమీ ఆవిడను సభ్యురాలిగా తీసుకుంది. కొవ్వొత్తి వెలుగులో గ్లాసు పట్టుకున్న మనిషి బొమ్మ ఇచ్చి ఆ సభ్యత్వం తెచ్చుకుంది. విదేశీ మహిళకు అది చాలా అరుదైన గౌరవం. కానీ అదే ఏడు సలోన్‌కు పంపిన పురాణ చిత్రం, నిద్రపోతున్న ఆంటియోపీ అనే స్త్రీ దగ్గరికి దేవతల రాజు జూపిటర్ వచ్చే ఘట్టం, అసభ్యంగా ఉందని తిప్పి పంపారు. అదే కథను మగవాళ్లు తరతరాలుగా వేస్తూనే ఉన్నారు! డిదరో ఆవిడ తరఫున చాలామంది దగ్గరికి తిరిగాడు. అయితే ఆవిడకు లేనిది ప్రతిభ కాదు, వయసూ అందమూ వయ్యారమూ అన్న అర్థం వచ్చేట్టు రాసినదీ ఆయనే. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. చివరికి అప్పులు మిగిలాయి. 1768లో పారిస్ వదిలి నెదర్లాండ్స్ మీదుగా ఇంటిదారి పట్టింది.

## బొమ్మ తయారయ్యేటప్పుడు

పోర్ట్రెయిట్ కోసం రాజు గంటల తరబడి కదలకుండా కూర్చునేవాడా?

లేదు, అంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. సాధారణంగా కొద్ది సిట్టింగుల్లో ముఖం వరకు ఎదురుగా చూసి వేసేవారు. తర్వాత కోటు, పతకాలు, అంగీ తెప్పించుకుని, చెక్కబొమ్మకో వేరే మనిషికో తొడిగి మిగతాది స్టూడియోలో పూర్తి చేసేవారు. అందుకే దర్బారు పోర్ట్రెయిట్లలో చాలాసార్లు ముఖం ఒక మనిషిదిగా, చేతులు ఇంకొకరివిగా అనిపిస్తాయి. బెర్లిన్ రాజధానిగా ఉన్న ప్రష్యా రాజు రెండో ఫ్రీడ్రిష్ అయితే గద్దెనెక్కాక సిట్టింగులంటేనే ఇష్టపడేవాడు కాదు. టెర్బుష్ ఆయన పోర్ట్రెయిట్లు కూడా వేసింది.

ఒకే రాజు బొమ్మలు ఇన్ని ఉన్నాయేంటి? ఏది అసలు?

ఫొటోలు లేని రోజులు. చుట్టరికం ఉన్న దర్బారులకు, రాయబారులకు, పిల్లనిచ్చే ఇళ్లకు, సొంత ఆఫీసు గోడలకు అన్నిటికీ ముఖం పంపాల్సి వచ్చేది. మన ఆఫీసుల్లో ముఖ్యమంత్రి ఫొటో ఉన్నట్టే అనుకోండి. కాబట్టి నచ్చిన ముఖం ఒకటి తయారైతే దాన్నే చూసి కాపీలు తీసేవారు. కొన్ని అదే చిత్రకారుడు, కొన్ని శిష్యులు, కొన్ని వేరే ఊరివాళ్లు. ఎంత శరీరం కనబడితే అంత ధర, తలా భుజాల వరకు ఒకటి, మోకాళ్ల వరకు ఇంకొకటి, నిలువెత్తుకు అన్నిటికంటే ఎక్కువ. చేతులు కనిపిస్తే రేటు పెరిగేది, చేతులు వేయడం అంత కష్టం. కాపీ అన్నంత మాత్రాన నకిలీ కాదు, ఆ రోజుల్లో అది పనిలో భాగం.

నీలం రంగు అంత లోతుగా ఎలా వచ్చింది?

అంతకుముందు మంచి నీలం కావాలంటే అఫ్గాన్ కొండల్లో దొరికే లాజవర్ద్ రాయి నూరాలి, అది బంగారమంత ఖరీదు. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో ఒక రంగుల తయారీదారుడు ఎరుపు చేయబోతుంటే అనుకోకుండా ముదురు నీలం తయారైంది. అదే ప్రష్యన్ బ్లూ. చవక, గాఢం. టెర్బుష్ పుట్టిన ఊళ్లో, ఆవిడ పుట్టకముందు పదిహేనేళ్లకే పుట్టిన రంగు అది. ఆ తరం బెర్లిన్ చిత్రకారులకు మన ఇంట్లో పసుపు డబ్బా ఉన్నంత మామూలుగా ప్రష్యన్ బ్లూ అందుబాటులో ఉండేది. కోటు మడతల్లో నీడ దాదాపు నల్లగా, అంచు దగ్గర వెలుగు పడ్డచోట నీలంగా మెరిసే గుణం దానిది.

రాజు ముఖం కదా, పొగుడుతూ వేసేవారు. నమ్మొచ్చా?

పూర్తిగా నమ్మొద్దు, పూర్తిగా తోసెయ్యొద్దు. ఒకే మనిషిని ఇద్దరు ముగ్గురు వేసినవి పక్కపక్కన పెట్టి, అన్నిటిలో మారనిది ఏదో వెతకండి. కార్ల్ తెయోడోర్‌కు ఆ వీలుంది. 1757లో యోహాన్ గేయోర్గ్ సీజెనిస్ ఆయన్ను సొంత గదిలో, ఇంట్లో తొడుక్కునే గౌనులో, చేతిలో వేణువుతో వేశాడు. ఒక ప్రభువు అలా దిగడం ఆ రోజుల్లో కొత్త సంగతి. ఆ బొమ్మ మ్యూనిక్‌లోని బవేరియా జాతీయ మ్యూజియంలో ఉంది. దాన్ని చూశాక టెర్బుష్ బొమ్మ చూస్తే, ఆరేళ్ల తేడాలో అదే మనిషిని రెండు కళ్లు ఎలా చూశాయో తెలుస్తుంది.

## బొమ్మ ముందు నిలబడ్డాక

నాకు ఆర్ట్ గురించి ఏమీ తెలియదు. ఎక్కడి నుంచి చూడాలి?

కళ్ల నుంచి మొదలుపెట్టకండి, అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ముందు బట్ట చూడండి. పట్టు మీద తెల్లటి మెరుపు ఒక్క గీతలో వేసిందా, చాలా గీతలు కలిపిందా? టెర్బుష్‌కు మెత్తటి బట్ట, జరీ, జుట్టు మీది పౌడరు వేయడం చాలా ఇష్టం. తర్వాత రెండడుగులు వెనక్కి జరిగి ముఖం చూడండి. చర్మం మీద వెచ్చటి గులాబీ రంగు, చెంపల దగ్గర పలుచగా పూసిన ఎరుపు కనిపిస్తాయి. అవి దగ్గరికి వెళ్తే కరిగిపోతాయి, దూరంగా నిలబడితే ప్రాణం వస్తుంది. పది నిమిషాలు చాలు.

రాజుల పోర్ట్రెయిట్లలో కవచం, తెల్ల బొచ్చు అంగీ, ఎర్ర పట్టీ ఎందుకు ఉంటాయి?

18వ శతాబ్దంలో ఇనప కవచం వేసుకుని యుద్ధానికి వెళ్లినవాళ్లు దాదాపు లేరు. బొమ్మలో అది 'నేను సేనాపతిని' అని చెప్పడానికే. నల్లటి చుక్కలున్న తెల్ల బొచ్చు ఎర్మిన్, అంటే చలికాలంలో తెల్లబడే చిన్న జంతువు తోలు. ఆ చుక్కలు దాని తోక కొసలు. అది ప్రభువుల హోదాకు గుర్తు. ఎలెక్టర్ల టోపీ కూడా ఎర్రటి బట్టకు ఆ బొచ్చు అంచుతో ఉంటుంది. పాలటినేట్ వాళ్లకు సొంత బిరుదు సెయింట్ హ్యూబర్ట్ ఆర్డర్, దాని పట్టీ ఎరుపు. వీటిలో ఏది కనిపించినా అది ఆ మనిషి అభిరుచి కాదు, హోదా. అభిరుచి కావాలంటే చేతిలో ఏం పట్టుకున్నాడో చూడండి.

ఈ బొమ్మ వేసేనాటికి ఆయన ఇంట్లో పరిస్థితి ఏంటి?

బాధగా ఉంది. భార్య ఎలిజబెత్ ఔగుస్టేతో పెళ్లయి ఇరవై ఏళ్లు గడుస్తుండగా, 1761 జూన్‌లో మొదటిసారి బిడ్డ పుట్టాడు. మగపిల్లవాడు, వారసుడు. ఒక్క రోజే బతికాడు. ఆ తర్వాత భార్యాభర్తలు దాదాపు విడివిడిగానే బతికారు. అంటే 1763లో టెర్బుష్ ముందున్నది అన్నీ ఉండి వారసుడు లేని ప్రభువు. ఎదురుగా ఉన్నది పిల్లల్ని పెంచి, ఇల్లు దాటి వచ్చిన తల్లి. ముఖంలో దుఃఖం కనిపిస్తుందని నేను అనను, దర్బారు బొమ్మల పని అది కాదు. కానీ ఈ సంగతి తెలిశాక ఆ మనిషిని వట్టి హోదాగా చూడలేకపోతున్నాను.

## ఆ తర్వాత

ఆ రాజు తర్వాత ఏమయ్యాడు?

1777 డిసెంబర్ 30న బవేరియా ప్రభువు పిల్లలు లేకుండా చనిపోతే ఆ రాజ్యం ఈయనకు వచ్చింది. ఒప్పందం ప్రకారం మ్యూనిక్‌కు మారాల్సి వచ్చింది. ఆ వారసత్వం మీద ఆస్ట్రియా, ప్రష్యా తగువు పడి 1778లో యుద్ధానికి దిగాయి. పెద్దగా పోరు లేకుండా సైనికులు తిండి కోసమే తిప్పలు పడటంతో జనం దాన్ని బంగాళదుంపల యుద్ధం అన్నారు. మ్యూనిక్‌లోని ఇంగ్లిష్ గార్డెన్ 1789లో ఈయన పెట్టించినదే. 1799లో అక్కడే చనిపోయాడు.

టెర్బుష్ చివరి రోజులు ఎలా గడిచాయి?

పనిలోనే గడిచాయి. బెర్లిన్ తిరిగొచ్చాక తమ్ముడితో కలిసి స్టూడియో నడిపింది. ఫ్రీడ్రిష్ రాజు పోట్స్‌డామ్ ప్యాలెస్‌కు పురాణ చిత్రాలు వేయించుకున్నాడు. రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ ప్రష్యా రాజకుటుంబం పోర్ట్రెయిట్లు తెప్పించుకుంది. 1778లో పద్నాలుగేళ్ల హెన్రియెట్ హెర్ట్స్‌ను గ్రీకు దేవత హీబీ వేషంలో వేసింది. ఆ అమ్మాయి తర్వాత బెర్లిన్ సాహిత్య గోష్ఠులకు కేంద్రమైంది. 1782 నవంబర్ 9న టెర్బుష్ చనిపోయింది, అప్పటికి 61 ఏళ్లు.

ఇంత పని చేసిన మనిషి పేరు మనం ఎందుకు వినలేదు?

జర్మనీలోనే చాలామంది వినలేదు. ఫ్రాన్స్‌లో చిత్రకారిణి విజే లెబ్రన్‌కు రాణి మరీ ఆంట్వానెట్ దొరికింది, సొంత జ్ఞాపకాలు రాసుకుంది. టెర్బుష్ గురించి ఎక్కువమందికి తెలిసింది డిదరో రాసినంతవరకే, అది సగం ఎగతాళి. సొంత ఊళ్లో పెద్ద ప్రదర్శన జరగడానికి ఆవిడ పుట్టిన 300 ఏళ్ల సందర్భం రావాల్సి వచ్చింది. 2021 చివర్లో బెర్లిన్‌లోని చిత్రాల మ్యూజియం గెమెల్డెగలరీలో అది మొదలైంది.

జర్మనీలోనే ఉంటున్నాం. ఆవిడ బొమ్మలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఒక్కటే చూసే వీలుంటే బెర్లిన్ గెమెల్డెగలరీలోని స్వీయచిత్రం చూడండి, 1770ల చివర్లో వేసినది. పోట్స్‌డామర్ ప్లాట్స్ దగ్గర, సోమవారం సెలవు. బొమ్మలు గోడలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. తెల్లటి మెరిసే గౌనులో కూర్చుని, పుస్తకం తెరిచి ఉంచుకుని, మనవైపు తిరిగి ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక కంటి ముందు వేలాడుతున్నదాన్ని నగ అనుకున్నాను. దగ్గరికి వెళ్తే అది గుండ్రటి అద్దం, చూపు మందగించినవాళ్లు వాడేది. చేతులు ఖాళీగా ఉండేట్టు తల మీది పట్టీ నుంచి వేలాడదీసుకుంది. వయసు దాచలేదు, అద్దం దాచలేదు. మాన్‌హైమ్ వెళ్తే ఊరి మధ్యలో 400 మీటర్లకు పైగా పొడవున్న ప్యాలెస్ కూడా చూడండి. కార్ల్ తెయోడోర్ దర్బారు నడిచిన ఆ భవనంలో ఇప్పుడు యూనివర్సిటీ నడుస్తోంది.